మేపుల్ చెట్టు ఎవరిది? నగరంలో మూలవాసుల బతుకుపై ఒక బొమ్మల చిత్రం

కెనడా దర్శకురాలు అమాండా స్ట్రాంగ్ 2018లో తీసిన ‘బీదాబన్ (తెల్లవారుతోంది)’ 19 నిమిషాల స్టాప్-మోషన్ యానిమేషన్ చిత్రం. కథగా చెప్పుకోవడానికి అందులో ఉన్నది చాలా తక్కువ. ఒంటారియో రాష్ట్రంలోని ఒక శివారు కాలనీలో షుగర్ మేపుల్ చెట్ల నుంచి తీపి రసం పట్టడానికి బీదాబన్ అనే మూలవాసి యువ పాత్ర బయలుదేరుతుంది. ఆడ, మగ అన్న విభజనలో ఇమడని పాత్ర అది. తోడుగా సాబే వస్తుంది. సాబేకు పదివేల ఏళ్లు, రూపం మార్చుకోగలదు. వీరి చుట్టూ ఒక కారిబూ (ఉత్తరపు చలి ప్రాంతాల జింక) ఆత్మ, ఒక తోడేలు ఆత్మ తిరుగుతుంటాయి. కాలనీ మాత్రం వీళ్లను రమ్మనదు.

ఇంత చిన్న పనిని ఏమనాలన్న దగ్గరే చిక్కంతా ఉంది. ఇంటి యజమాని కంట పడితే అది దొంగతనం. బీదాబన్ లెక్కలో అది తాతముత్తాతల నుంచి వస్తున్న క్రతువు. న్యాయస్థానానికి వెళితే ఒప్పందపు హక్కు అవుతుందో, అనుమతి లేని చొరబాటు అవుతుందో వాదించుకోవలసిన విషయం. ఈ మూడూ ఒకే చెట్టు మొదట్లో ఎలా కలిశాయో తెలియకపోతే సినిమా అందమైన బొమ్మల వరుసగా మాత్రమే కనిపించి వెళ్లిపోతుంది. తెలిసినవారికి అందులోని ప్రతి ఫ్రేము వెనుకా రెండు వందల ఏళ్ల పైబడిన భూమి తగాదా ఉందని అర్థమవుతుంది.

నగరంలో ఆదివాసి అనగానే కథలకూ సినిమాలకూ అలవాటైన మూస ఒకటి ఉంది. అడవి విడిచి పట్నం వచ్చినవాడు దారీతెన్నూ తెలియక, మోసపోయి, తాగుడుకు లోబడి, చివరికి ఊరికి తిరిగి వెళ్లిపోతాడు, లేదా ఫుట్‌పాత్ మీద కూలిపోతాడు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మూసకు ఒక ఊహ పునాదిగా ఉంది: మూలవాసి సొంత చోటు ఎక్కడో దూరాన ఉందనీ, నగరం అతనిది కాదనీ. ఆ ఊహను అమాండా స్ట్రాంగ్ చిత్రం మొదటి నిమిషం నుంచే తోసిపుచ్చుతుంది. బీదాబన్ ఎక్కడి నుంచో నగరానికి వచ్చిన పాత్ర కాదు. నగరమే బీదాబన్ వాళ్ల చక్కెర తోటల, అంటే రసం పట్టే మేపుల్ తోపుల మీదికి వచ్చి కూర్చుంది.

కెనడాలో 2021 జనాభా లెక్కల ప్రకారం మూలవాసులు 18 లక్షల మంది, అంటే జనాభాలో 5 శాతం. వారిలో దాదాపు 8 లక్షల మంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. ఒక్క విన్నిపెగ్ నగర ప్రాంతంలోనే సుమారు లక్ష మంది ఉంటారు. కనుక నగర జీవితం వారికి మినహాయింపు అని ఇక అనడానికి వీల్లేదు.

రసం పట్టే పని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చలికాలం చివర, ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా, రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోయి, పగలు సున్నా దాటే రోజులు కొన్ని వస్తాయి. ఆ గడ్డకట్టడం, కరగడం వల్ల మేపుల్ కాండంలో ఒత్తిడి పుట్టి రసం కదులుతుంది. కాండానికి రెండు అంగుళాల లోతున, బయటి అంచు కాస్త కిందికి వాలేటట్టు చిన్న రంధ్రం చేసి, అందులో గొట్టం దిగగొట్టి, దానికి బాల్చీ తగిలిస్తారు. పూర్వం చెక్కతో చేసిన గొట్టాలూ, బర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన పాత్రలూ వాడేవారు. చుక్కలు చుక్కలుగా దిగే ఆ రసం నీళ్లలాగే ఉంటుంది. తీపి 2 శాతం దగ్గర. ఒక లీటరు పాకం రావాలంటే సుమారు 40 లీటర్ల రసం మరిగించాలి. తాటి నీరా కాచి బెల్లం తీసే పని చూసినవారికి ఆ మంట ముందరి ఓపిక ఎంతటిదో వేరే చెప్పనక్కర లేదు. చెట్టుకు రంధ్రం పెట్టే ముందు అనిషినాబే (ఈ సరస్సుల ప్రాంతపు మూలవాసి జాతుల కుటుంబం) ప్రజలు పొగాకు సమర్పించి చెట్టును అడుగుతారు. మొగ్గలు విచ్చుకునే వేళకు రసం రుచి మారిపోతుంది, అక్కడితో ఆ ఏటికి పని ముగుస్తుంది.

చక్కెర తోట అంటే ఇదివరకు కుటుంబాలన్నీ చలికాలపు వేట మకాంల నుంచి వచ్చి కలుసుకునే చోటు. పిల్లలు పని నేర్చుకునేది అక్కడే, పెళ్లి మాటలు నడిచేదీ అక్కడే. ఐరోపా నుంచి వచ్చినవారు ఈ విద్యను మూలవాసుల దగ్గరే నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రపంచపు మేపుల్ పాకంలో 70 శాతం దాకా ఒక్క క్యూబెక్ రాష్ట్రంలోనే తయారవుతోంది. 1965 నుంచి కెనడా జెండా మీద ఉన్నదీ మేపుల్ ఆకే. ఈ వివరాలు చిత్రంలో ఎవరూ ఏకరువు పెట్టరు, కానీ ఒక అపరిచితుడి పెరట్లో గొట్టం దిగగొడుతున్న బీదాబన్ చేతులను చూస్తున్నప్పుడు ఈ దేశపు జెండా గుర్తుకు రాకుండా ఉండదు.

ఈ చిత్రానికి మూలం లియాన్ బెటసమొసాకే సింప్సన్ రచనలు. ఆమె మిషి సాగీగ్ నిష్నాబెగ్ రచయిత్రి, మేధావి. ఆల్డర్‌విల్ ఫస్ట్ నేషన్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న మూలవాసి సమూహం) సభ్యురాలు. మిషి సాగీగ్ వారు అనిషినాబేల్లో ఒక శాఖ, వారినే ఆంగ్ల పత్రాల్లో మిస్సిస్సాగాలు అని రాశారు. ఒంటారియో సరస్సు ఉత్తర తీరం, టొరంటో నుంచి పీటర్‌బరో వరకు విస్తరించిన నదులూ అడవులూ ఈ ప్రజల నేల. ఆ నేల చేతులు మారిన తీరు తెలిస్తేనే కాలనీలోని చెట్టు మీద హక్కు మాట ఎందుకు వస్తుందో బోధపడుతుంది.

1787లో బ్రిటిష్ అధికారులు ఇప్పటి టొరంటో ఉన్న భూమిని మిస్సిస్సాగా పెద్దల నుంచి కొన్నామన్నారు. కొన్నేళ్ల తరువాత ఆ దస్తావేజు బయటికి తీసి చూస్తే, ఎంత భూమి, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అని రాయవలసిన చోట ఖాళీ ఉంది. ముగ్గురు పెద్దలు తమ వంశ చిహ్నాలు గీసిన వేరే కాగితపు ముక్కలను దానికి అంటించి ఉంచారు. అది చెల్లదని అధికారులకే అర్థమైంది. 1805లో మళ్లీ ఒప్పందం రాసుకున్నారు. 2,50,830 ఎకరాలకు కొత్తగా ఇచ్చిన ప్రతిఫలం 10 షిల్లింగులు. మొదటిసారి ఎంత భూమి మాట్లాడుకున్నారో, రెండోసారి ఎంత కలిపేశారో అన్న తగువు రెండు శతాబ్దాలు నడిచి, 2010లో మిస్సిస్సాగాస్ ఆఫ్ ద క్రెడిట్ ఫస్ట్ నేషన్‌కు కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించడంతో తీరింది. కెనడాలో అతి పెద్ద నగరానికి పునాది పత్రం ఒక ఖాళీ కాగితం అన్నమాట.

తూర్పున పీటర్‌బరో వైపు కథ ఇంకా మెలికలు తిరిగింది. 1818లో అక్కడ ఒప్పందం జరిగినప్పుడు, వేట, చేపలు పట్టుకోవడం యథాప్రకారం సాగుతాయని సభలో నోటిమాటగా భరోసా దొరికింది. ఆ సభ కార్యక్రమపు రికార్డు నిలిచి ఉంది. 1923లో విలియమ్స్ ఒప్పందాలు వచ్చాయి. ఏడు ఫస్ట్ నేషన్స్ వాటి మీద సంతకాలు చేశాయి. సింప్సన్ సభ్యురాలైన ఆల్డర్‌విల్ వాటిలో ఒకటి. ఆ పత్రాల్లోని ఒక వాక్యాన్ని అడ్డం పెట్టుకుని, రిజర్వు (మూలవాసులకు కేటాయించిన భూమి) బయట వేట, చేపల హక్కులు కూడా వదులుకున్నారని ప్రభుత్వం వాదించసాగింది. తాము అలాంటిది ఏదీ వదులుకోలేదని ఆ ప్రజలు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

ఇక కోర్టుల వంతు. నిషేధ కాలంలో కప్పలు పట్టారన్న కేసులో 1981లో ఒంటారియో అప్పీలు కోర్టు, 1818 నాటి నోటిమాట కూడా ఒప్పందంలో భాగమేనని తేల్చి మూలవాసుల పక్షాన తీర్పు చెప్పింది. పీటర్‌బరో దగ్గర ఒటోనబీ నదిలో చేపలు పట్టిన మరో వ్యక్తి కేసులో 1994లో సుప్రీంకోర్టు, 1923 ఒప్పందంతో ఆ హక్కు పోయిందని చెప్పింది. అంటే ఒకే ప్రాంతంలో, పదమూడేళ్ల వ్యవధిలో, కప్పల దగ్గర గెలిచిన హక్కు చేపల దగ్గర ఓడిపోయింది. చివరికి 2018లో కెనడా, ఒంటారియో ప్రభుత్వాలు ఆ ఏడు ఫస్ట్ నేషన్స్‌తో దాదాపు 110 కోట్ల డాలర్ల పరిష్కారానికి వచ్చి, కొన్ని పాత ఒప్పంద ప్రాంతాల్లో వేట, చేపలు, సేకరణ హక్కులు ఉన్నాయని అంగీకరించాయి. ఆ ఏడాది నవంబరులో క్షమాపణ కూడా చెప్పాయి. బీదాబన్ వచ్చిన సంవత్సరం కూడా అదే.

అయితే ఈ పరిష్కారంతో కాలనీలోని చెట్టు బీదాబన్‌కు దక్కుతుందా? దక్కదనే చెప్పాలి. ప్రైవేటు భూమిలో ఒప్పందపు హక్కు ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్నకు 1996లో బ్యాడ్జర్ కేసులో సుప్రీంకోర్టు ఒక కొలత ఇచ్చింది. అది ఆల్బర్టాలోని వేరే ఒప్పందానికి సంబంధించిన కేసు. భూమి ఇతర వినియోగంలో ఉన్నట్టు కంటికి కనిపిస్తుంటే అక్కడ వేట హక్కు నడవదనీ, అడవిగానో ఖాళీగానో పడి ఉంటే నడుస్తుందనీ ఆ తీర్పు సారాంశం. కత్తిరించిన పచ్చిక, వాకిలి, పార్కు చేసిన కారు, వరండా దీపం ఇవన్నీ ఆ కొలత ప్రకారం కంటికి కనిపించే వినియోగాలే. మేపుల్ చెట్టు మాత్రం ఆ ఇంటి కంటే, ఒక్కోసారి ఆ వీధి కంటే ముందు నుంచి అక్కడ ఉండి ఉండవచ్చు. చట్టం పచ్చికను చూస్తుంది, బీదాబన్ చెట్టును చూస్తుంది. నా దృష్టిలో చిత్రంలోని అసలు ఘర్షణ ఈ రెండు చూపులకు మధ్య నడుస్తుంది. యజమానికీ చొరబాటుదారుకూ మధ్య పోట్లాటగా దాన్ని కుదించి చూస్తే అన్యాయం అవుతుంది.

ఇక్కడ మన పాఠకులకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఆదివాసీ భూమి హక్కు అనగానే మనకు ఏజెన్సీ, షెడ్యూల్డ్ ప్రాంతం, 1/70 చట్టం గుర్తుకొస్తాయి. హక్కుకు ఒక సరిహద్దు ఉంటుందనీ, ఆ గీత దాటి మైదానంలోకి వస్తే అది వర్తించదనీ మన బుద్ధి అలవాటుపడింది. కెనడాలో రిజర్వు అలాంటి గీతలాగే కనిపిస్తుంది కానీ, ఒప్పందం పరిధి రిజర్వుతో ఆగదు. ఒప్పందం జరిగింది మొత్తం ప్రాంతం మీద. ఆ ప్రాంతంలో ఇప్పుడు మహానగరాలు ఉన్నాయి. టొరంటో పక్కనున్న మిస్సిస్సాగాలో, బ్రాంప్టన్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల పెరడు కూడా అలాంటి ఒప్పంద భూమే. బ్రాంప్టన్ ఉన్నది 1818లో జరిగిన అజెటెన్స్ ఒప్పందపు నేల. మిస్సిస్సాగా పేరు పెట్టుకున్న నగరానికి ఆ పేరిచ్చిన ప్రజలు 1847లో క్రెడిట్ నది ఒడ్డు వదిలి హేగర్స్‌విల్ దగ్గరికి తరలిపోవలసి వచ్చింది. చిత్రంలోని ఇంటి యజమాని స్థానంలో మనవాళ్లను కూడా ఊహించుకుని చూడవచ్చు.

నగరంలో ఉన్న మూలవాసులందరూ తమ సొంత నేల మీదే ఉన్నారని దీని అర్థం కాదు. చాలామంది దూరపు రిజర్వుల నుంచి వచ్చారు, వారిని రప్పించిన కారణాల్లో చట్టం ముఖ్యమైనది. 1876 నాటి ఇండియన్ చట్టం ఎవరు ‘ఇండియన్’ అన్నది ప్రభుత్వమే నిర్ణయించేలా చేసింది. ఆ గుర్తింపు లేని పురుషుణ్ణి పెళ్లాడిన స్త్రీ తన గుర్తింపునూ, దానితో రిజర్వులో ఉండే హక్కునూ పోగొట్టుకునేది. ఈ నియమం 1985 దాకా నడిచింది. అదే చట్టం కింద ఒకప్పుడు విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకున్నా, వకీలో వైద్యుడో అయినా గుర్తింపు పోయే పరిస్థితి ఉండేది. మూలవాసి పిల్లలను తమ భాషకూ సంస్కృతికీ దూరం చేయడానికి నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లు లక్షన్నరకు పైగా పిల్లలను ఇళ్ల నుంచి వేరు చేశాయి. వాటిలో చివరివి 1990లలో గాని మూతపడలేదు. తిరిగి వెళ్లడానికి ఊరు, భాష, బంధుత్వం మిగలనివారికి నగరం తప్ప మరో దారి లేకపోయింది.

నగరానికి వచ్చాక ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మొదలైంది. రిజర్వు బయట ఉన్నవారు తమ పట్టిక కిందికి రారని కేంద్రం, మూలవాసుల వ్యవహారం కేంద్రానిదని రాష్ట్రం, ఒకరి మీద ఒకరు తోసుకుంటూ వచ్చారు. ఆ మధ్యలో వారే కట్టుకున్న సంస్థలు ఫ్రెండ్‌షిప్ సెంటర్లు. 1950లలో టొరంటో, వాంకూవర్, విన్నిపెగ్ నగరాల్లో చిన్న క్లబ్బులుగా, సంఘాలుగా మొదలై, 1972 నాటికి జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. అద్దె ఇల్లు వెతికి పెట్టడం నుంచి డోలు నేర్పడం దాకా అన్నీ అక్కడే. రిజర్వు బయట ఉంటున్న సభ్యులకు తమ సమూహపు ఎన్నికల్లో ఓటు నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 1999 దాకా పట్టింది. బీదాబన్ పాత్ర ఈ తరాల తరువాతిది. నగరంలో పుట్టి పెరిగినా తన పని ఏమిటో తెలిసినది.

ఇంకో మెలిక కూడా ఉంది. దర్శకురాలు అమాండా స్ట్రాంగ్ అనిషినాబే మనిషి కాదు. మిషిఫ్, అంటే మేటీ (మూలవాసులకూ ఐరోపావారికీ పుట్టిన సంతతి నుంచి ఏర్పడిన జాతి) మూలాలు ఉన్నావిడ. ఆమె స్టూడియో స్పాటెడ్ ఫాన్ ప్రొడక్షన్స్ ఉన్నది దేశపు అవతలి కొసన, వాంకూవర్‌లో, మస్క్వీమ్, స్క్వామిష్, ట్స్లేల్-వాటూత్ ప్రజల నేల మీద. ‘మూలవాసి దృష్టి’ అని ఒకే దృష్టి ఉన్నట్టు రాసే సమీక్షకులు ఈ సంగతి గమనించాలి. ఒక జాతి రచయిత్రి మాటలకు మరో జాతి దర్శకురాలు, మూడో జాతుల నేల మీద బొమ్మలు కట్టింది. నగరంలో మూలవాసుల జీవితం వాస్తవానికి ఇలాగే, పలు జాతుల కలయికగానే ఉంటుంది.

సాబేను పాశ్చాత్య ప్రేక్షకులు వెంటనే సాస్‌క్వాచ్ (అడవుల్లో తిరుగుతుందని చెప్పే ఒళ్లంతా వెంట్రుకల మహాకాయ జీవి) అని గుర్తుపట్టి నవ్వుకుంటారు. అనిషినాబే సంప్రదాయంలో ఏడుగురు తాతల బోధలు అని ఉన్నాయి. వాటిలో నిజాయితీకి నిలువెత్తు రూపం సాబే. చాటుమాటుగా రసం పట్టే పనికి నిజాయితీని తోడు పంపడంలో రచయిత్రి కొంటెతనం ఉంది. పదివేల ఏళ్ల వయసు కూడా ఊరికే ఇచ్చినది కాదు. మంచు పలకలు వెనక్కి తగ్గిన తరువాత ఈ ప్రాంతంలో మనుషులు తిరుగాడిన తొలి కాలాలకు అది చేరువగా ఉంటుంది. అప్పుడు దక్షిణ ఒంటారియోలో కారిబూలు ఉండేవి, వాటిని వేటాడేవారు. ఇప్పుడు అవి ఉత్తరానికి పరిమితమయ్యాయి. అందుకే కారిబూ ఇక్కడ ఆత్మగా వస్తుంది. బీదాబన్‌కు కాలపు జాడలు కనిపిస్తాయి. వీధి, వీధికి ముందున్న అడవి, రాబోయే తిరుగుబాటు ఒకే చూపులో పడతాయి.

ఈ కలగలుపును స్టాప్-మోషన్‌లో ఎందుకు చెప్పినట్టు? ఆ పద్ధతిలో లోపల లోహపు ఎముకలున్న బొమ్మను అణువంత కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి మరో ఫొటో తీస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపినా 19 నిమిషాలకు 13,680 భంగిమలు అవుతాయి. చుక్కచుక్కగా రసం పట్టి మరిగించే పనికీ దీనికీ ఓర్పులో తేడా లేదు. ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. నిజమైన కాలనీలో ఈ దృశ్యాలు తీయాలంటే చిత్ర బృందం కూడా ఆ ఇళ్ల యజమానులను అనుమతి అడగవలసి వచ్చేది. బల్ల మీద ఆ కాలనీని తామే కట్టుకున్నారు కనుక ఆ చెట్టు, ఆ పచ్చిక, ఆ వీధి దీపం అన్నీ ఈ స్టూడియోవే. ఇది వారు ఉద్దేశించారో లేదో గాని, చిత్రపు వాదానికి ఇంతకంటే సరిపోయే మాధ్యమం ఉండదు.

లోపాలు లేవని కాదు. ఆత్మ జంతువుల రాకపోకలకు కారణం మొదటిసారి చూసేవారికి అందదు. దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, మధ్యలో కొన్ని నిమిషాలు కన్ను ఎక్కడ నిలపాలో తెలియదు. తమవారికి తమ కథ చెప్పుకునే కళాకారులు బయటివారికి ప్రతిదీ విప్పి చెప్పనక్కర లేదన్న వాదన ఉంది, దానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. కానీ సింప్సన్ రచనల్లో ఉన్న వెక్కిరింత చిత్రంలోని గంభీరమైన వెలుతురులో కొంత ఆవిరైందని మాత్రం అనిపిస్తుంది.

ఇదే పేరుతో అదే ఏడాది మరో రచన వచ్చింది, రెంటినీ కలిపి పొరబడేవారు ఉన్నారు. లీసా జాక్సన్ అనే అనిషినాబే దర్శకురాలు కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుతో కలిసి రూపొందించిన ‘బీదాబన్: ఫస్ట్ లైట్’ వర్చువల్ రియాలిటీ అనుభవం. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే, భవిష్యత్తులో నీళ్లు నిండి, చెట్లు మొలిచిన టొరంటో నేథన్ ఫిలిప్స్ కూడలిలో నిలబడతాం. వెండాట్, మోహాక్, అనిషినాబే భాషలు వినిపిస్తాయి. ఆ నగరం ప్రకృతికి లొంగిపోయింది. అమాండా స్ట్రాంగ్ నగరం ఇంకా లొంగలేదు, దాని గేట్లు మూసే ఉన్నాయి. నగరం కూలిన తరువాత ఏముంటుందని ఊహించడం కంటే, అది నిలబడి ఉండగానే దానిలో ఏం చేయాలన్న ప్రశ్న కష్టమైనదని నాకు తోస్తుంది.

2018 పరిష్కారంలో ఆ కష్టం తాలూకు మరో వివరం ఉంది. ఏడు ఫస్ట్ నేషన్స్‌లో ఒక్కొక్కదానికి 11,000 ఎకరాల దాకా కొత్త భూమిని రిజర్వులో చేర్చుకునే వీలు కల్పించారు. ఆ భూమిని ప్రభుత్వం వెనక్కి ఇచ్చేయదు; అమ్మేవారు దొరికినప్పుడు, బజారు ధర చెల్లించి, పరిహారపు డబ్బుతో వారే కొనుక్కుని, ఆ తరువాత రిజర్వుగా గుర్తించమని దరఖాస్తు చేసుకోవాలి.